ఇటుకల మీద ఎవరూ పరుగెత్తరు

1984, జనగామ. ఇప్పుడు చెప్పబోయేది ఒక మహాసంగ్రామం. ఒకవైపు యూనివర్సిటీ పాలనా భవనం, మరోవైపు మా వ్యాయామ విద్యాశాఖ. రథాలు లేవు, గుర్రాలు లేవు. నిజానికి సంగ్రామమూ లేదు. ఒక స్టీలు టేపు, ముగ్గురు ఉద్యోగులు, ఒక అమ్మాయి. అంతే.

నేను ఆ శాఖలో కొత్త అసిస్టెంట్ పీడీని, అంటే ఫిజికల్ డైరెక్టర్ గారి చేతిలో విజిల్‌ని. ఆ డైరెక్టర్, మా హెడ్ రాజయ్య సార్‌ది ఒకటే పట్టుదల. మాది చదువు చెప్పే శాఖ కావాలి, కోర్సు రావాలి. ఆఫీసు లెక్కలో మాత్రం మేము స్నాతకోత్సవానికి కుర్చీలు సర్దేవాళ్లం, జెండా పండుగకు కవాతు చేయించేవాళ్లం. కోర్సు ఫైలు ఆఫీసు సూపరింటెండెంట్ బల్ల మీద హాయిగా నిద్రపోతోంది.

ఆ ఏడు యూనివర్సిటీ జట్టుకు సెలెక్షన్ ట్రయల్స్, అంటే ఎంపిక పోటీలు, జనగామలో పెట్టాం. భూపాలపల్లి వైపు నుంచి కూడా పిల్లలు వచ్చారు. మానుకోటలో డిగ్రీ చదివే కమిలి, బయ్యారం దగ్గరి తండా అమ్మాయి, ఎనిమిది వందల మీటర్ల పరుగులో అందరినీ వెనకేసింది. స్టాప్‌వాచ్ పాడైందేమోనని ఊపి చూశాను. ఎంపికకు పెట్టిన సమయం కన్నా రెండు సెకన్లు తక్కువ.

మరునాడు సూపరింటెండెంట్ ఫోను చేశాడు.

"ఏంది రాజయ్య సారూ, తండా పోరి గంత ఉరుకుడా? మీ ట్రాకే పొట్టిగుంటది. రేపు సాయంత్రానికి కొలతల సర్టిఫికెట్ రావాలె. లేకుంటే ఆమె పేరు కొట్టేస్త."

ఆ ట్రాక్ గీసింది నేనే. రౌండు రెండు వందల మీటర్లు. లోపలి అంచున ఇటుకల వరస పాతించాం, దాన్ని కెర్బ్ అంటారు. పొద్దున్నే టేపుతో ఆ ఇటుకల వెంబడే కొలిచాను. సరిగ్గా రెండు వందలు. నడుం పట్టుకుని గర్వంగా లేచాను.

సంగతి తెలిసి మొదటి బండికే వచ్చిన కమిలి అంతా చూస్తోంది.

"సార్, ఇటుకల మీద ఎవలు ఉరుకుతరు? కాలు ఇరుగదా?"

నవ్వబోయి ఆగిపోయాను. కెర్బ్ నుంచి ముప్పై సెంటీమీటర్లు బయటికి జరిగి కొలవాలి. పరుగెత్తే కాలు పడేది అక్కడ. ట్రైనింగు కాలేజీలో ఈ పాఠం చెప్పిన రోజు నేను హాజరయ్యాను కూడా. మళ్లీ కొలిస్తే రౌండుకు దాదాపు రెండు మీటర్లు ఎక్కువ వచ్చింది. నాలుగు రౌండ్లకు ఏడున్నర. ట్రాక్ పొట్టిది కాదు, పొడుగుది. ఆ పిల్ల మేము చెప్పిన దూరం కన్నా ఎక్కువే పరుగెత్తింది.

"సార్, ఇది రాసిస్తే మనం మునుగుతం," అన్నాను హెడ్‌తో. "ట్రాక్ గీయరానోళ్లకు కోర్సెందుకు అంటరు."

ఆయన కలం మూత తీశారు. "అననీ. కొలిచి, తప్పైతే తప్పని రాసుడే చదువు. గది చేయనోనికి శాఖెందుకు? రాయి. గీసింది నువ్వే అని గూడ రాయి."

"గది రాసుడు అవసరమా సార్?"

"నీకు అవసరం."

కాగితం నేనే బస్సులో యూనివర్సిటీ ఆఫీసుకు పట్టుకెళ్లాను. సూపరింటెండెంట్ రెండుసార్లు చదివాడు.

"అంటే మీకు కొలువ రాదన్నట్టు."

"నిన్నటిదాక రాలేదు సార్, ఇయ్యాల్ల వచ్చింది. ఆమెకైతే ఉరుకుడు ముందునుంచే వచ్చు."

ఆయన కమిలి పేరు జాబితాలో ఉంచి సంతకం పెట్టాడు. కోర్సు ఆ ఏడు రాలేదు. రాజయ్య సార్ మరుసటి వారమే మళ్లీ దరఖాస్తు పెట్టారు.

ఈ కేసు నాకు నేర్పింది ఇదీ: మొదటి లేనును, అంటే అన్నిటికన్నా లోపలి పరుగు వరసను, కెర్బ్ నుంచి ముప్పై సెంటీమీటర్లు వదిలి కొలవాలి. రెండో లేను మొదలుకుని ఇటుకలుండవు, గీతే కాబట్టి ఇరవై వదిలితే చాలు.