సారు నిలిపేసిన మాత్రలు

సారు పోయినాడని ఫోనొచ్చేసరికి నేను ధర్మవరంలో ఒక చీరల వ్యాపారి ఇంట్లో పచ్చమాత్రల గొప్ప చెప్తాండా. "షుగరు, బీపీ, కొవ్వు, పొట్ట, నాలుగూ ఒకే గుంపన్నా, నాలుగింటికీ ఇదే మందు" అని గుక్క తిప్పుకోకుండా వాగుతాండా. ఫోను జేబులో పెట్టుకోని, ఆ మాట పూర్తి చేసి, రెండు డబ్బాలు అంటగట్టినాకే పెనుకొండ బస్సెక్కినా. నేనెట్లాంటోడినో చెప్పడానికి ఇది చాలు.

ఆయన పెనుకొండ హైస్కూల్లో మా సైన్స్ సారు. తొంభైల్లో మాకు చెప్పినాడు. పొట్టి మనిషి, చొక్కా చేతులకు ఎప్పుడూ సుద్దపొడి. ప్రయోగం చేయకుండా పక్కోడి రికార్డు చూసి రాస్తే అందరి ముందరా ఆ పేజీ చింపేసేవాడు. "చేసి రాయి నాయనా. చేయనిది రాస్తే దొంగతనం" అనేవాడు. నావి ఎన్ని చింపినాడో! ఆదివారం ఇంటికి పిలిపించి, అదే ప్రయోగం మళ్లా చేయించి, ఉగ్గాని పెట్టించి పంపేవాడు. పెట్టేది సారు భార్య. ఆమెను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. పదోతరగతి రెండుసార్లు తప్పిన నన్ను మూడోసారి గట్టెక్కించింది ఆయనే.

ఆయన రిటైరైనాక ఒకరోజు పోయి ముందర రెండు డబ్బాలు పెట్టినా. ఒకటి ఆ పచ్చమాత్రలు, స్పిరులినా. ఇంకోటి కడుపులో మంచి బ్యాక్టీరియాను పెంచుతాయని మేం చెప్పే క్యాప్సూళ్లు. సారు మూత తీసి వాసన చూసి నవ్వినాడు.

"ఇది నీళ్లల్లో పెరిగే పాచి కదప్పా! ఇంగ ఈ రెండోది... మీ అమ్మ తోడేసే పెరుగుకు ఏం రోగమొచ్చింది?"

అయినా తీసుకున్నాడు. డాక్టరు షుగరుకు రాసిన మాత్రలతో పాటు అవీ మింగినాడు. నేను బాగుపడల్లని, అంతే.

అంతటితో ఆగింటే బాగుండు. హిందూపురంలో ఒక కల్యాణ మంటపంలో డబ్బాలమ్మించే మా కంపెనీవాళ్లు మీటింగు పెట్టినారు. ఊర్లో పేరున్న మనిషెవరైనా లేచి, ఇవి వాడి డాక్టరు మాత్రలు మానేసినానని చెప్తే నన్ను పైమెట్టు ఎక్కిస్తామన్నారు. నేను సారును పట్టుకున్నా.

"మాత్రలు మింగుతానే ఉండా కదప్పా, మానేసినానని యాడ చెప్పేది?"

"ఊరికే ఒక మాట సార్. ఎవురు చూడొచ్చినారు?"

వారం తర్వాత ఆయనే కబురు పంపినాడు. "వస్తాలే. ఇప్పుడైతే చెప్పొచ్చు" అన్నాడు. డాక్టరు మాత్రలు నిజంగానే నిలిపేసినాడు! నాకు పని జరగల్ల, తన నోటెంట అబద్ధం రాకూడదు. రెండూ కుదిరే దారి ఆయనకు అదొక్కటే కనపడింది. నేను సంతోషపడినా. వద్దు సార్ అనాల్సిన నోటితో థాంక్స్ సార్ అన్నా.

"నేను మాత్రలు నిలిపేసినా. ఒళ్లు తేలిగ్గా ఉండాది" అన్నాడు స్టేజీ మీద. హాలంతా ఆయన దగ్గర చదువుకున్నోళ్లు, వాళ్ల అమ్మానాయనలు. ఒకటే చప్పట్లు. "అయితే ఈ వారమంతా నేను అన్నం మాని సంగటి తిని, రోజూ నడిచి..." అని ఇంకా ఏదో చెప్పబోయినాడు. మైకు లాక్కున్నా.

చెప్పిన మాట అబద్ధం కాకూడదని ఆ తర్వాత కూడా సారు మాత్రలు ముట్టలేదు. ఏడాది తిరక్కుండానే కాలి వేలు నల్లబడింది. తర్వాత ఎడమకాలు మోకాలి కింద తీసేసినారు. మళ్లా మాత్రలు, ఇన్సులిన్ అన్నీ మొదలుపెట్టినారు గానీ అప్పటికే కిడ్నీలు చెడిపోయినాయి. నేను చూడ్డానికి పోతే మంచం మీద నుంచి ఆయనే నన్ను ఓదార్చినాడు. "నువ్వు చెప్పమన్నావు. మానింది నేను కదప్పా" అన్నాడు. ఉగ్గాని పెట్టిన అమ్మ గుక్కెడు నీళ్లు కూడా ఇయ్యలేదు. ఆ మరుసటి దినం కూడా నేను డబ్బాలు అమ్మినా.

ఇదంతా ఎందుకు రాస్తాండానంటే, ఆ మంటపంలో సారు మాట విన్నోళ్లు ఇంకా ఉన్నారు. మీరు ఇది చదువుతాంటే, దయచేసి మీ డాక్టరు మాత్రలు మీరు మింగండి. మీలాంటోళ్లున్నారని నాకు గుర్తొచ్చింది సారును ఇంటి ముందర పండబెట్టినప్పుడే.

కనగానపల్లి నుంచి వచ్చిన ఒక అవ్వ నన్ను గుర్తుపట్టింది. కొడుకు సారు దగ్గర చదువుకున్నాడంట.

"మైకు పట్టుకున్నోడివి నువ్వే కదప్పా! సారు చెప్పినాడని నేనూ షుగర్ మాత్రలు నిలిపేసినా. డబ్బా అయిపోయింది, ఇంకోటి ఉండాదా?"

"అవ్వా, ఆ మాట నమ్మొద్దు. సారు పోయింది దానివల్లనే. రేపే ఆస్పత్రికి పో" అని చేతులు పట్టుకున్నా.

విదిలించుకుంది. "థూ! పోయినాయప్ప మీద నిందలేస్తావా? ఆయప్ప నోట్లో ఒక్కనాడన్నా అబద్ధముండిందా? నీ మాట వినల్లా, సారు మాట వినల్లా?"

అవ్వ జనాన్ని తోసుకోని ముందరికి పోయింది. దుప్పటి పైకి జరిపి, మిగిలిన ఒక్క పాదాన్ని రెండు చేతులా పట్టుకోని నొసలు ఆనించింది.

"నువ్వు చెప్పినట్టే చేస్తాండా సామీ" అనింది.