ఇత్తడి జల్లెడ

ఒక్క "అవ్" అనే మాటను ఇన్నేళ్లుగా మోసుకు తిరిగాను. చిన్న మాటే. కానీ ఎవరైనా నన్ను మంచిదానివని మెచ్చుకున్నప్పుడల్లా అదే గుర్తుకొచ్చేది. నిన్న దించేశాను. మీకూ చెప్పేస్తే మిగిలిన కాస్త బరువూ పోతుంది.

మాది తల్లాడ దగ్గర పల్లె. వ్యవసాయ రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తున్న రోజులవి. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి నాకు జూనియర్, చర్ల వైపు అడవి పల్లె పిల్ల. ఇక్కడ సరిత అంటాను, అసలు పేరు కాదు. అడవి కొట్టి ఎరువులేయకుండా సాగుచేసే పోడు చేల మట్టిలో జింక్ ఎంత ఉందో తేల్చడం ఆమె పరిశోధన. బస్సు రాని ఊళ్లన్నీ తిరిగి, మట్టి సంచులు నెత్తిన పెట్టుకుని నడిచి తెచ్చింది. తెచ్చీ తేగానే మలేరియాతో మంచమెక్కింది. ఆ మట్టిని జల్లించి పెట్టమని నన్ను అడిగింది. ఇత్తడి జల్లెడ ముట్టుకోవద్దని, నైలాన్‌దే వాడమని మరీ మరీ చెప్పింది. ఇత్తడిలో జింక్ ఉంటుంది. రాపిడికి అది మట్టిలో కలిసి లెక్క తప్పుతుంది. నాకు తెలియని సంగతా అది?

ఆ రోజు నైలాన్ జల్లెడను ఎవరో కడిగి ఆరబెట్టారు. నేనేమో మేనమామ కూతురి నిశ్చితార్థానికి బస్సు అందుకోవాలి. చీర ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను కూడా. ఇత్తడిది ఎదురుగా కనిపించింది. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను.

పరీక్షలో జింక్ విపరీతంగా వచ్చింది. మా ఇద్దరికీ గైడ్ ఒక్కరే. ఆయన ల్యాబ్‌లో అందరి ముందూ సరితను నిలదీశారు. అసలు అడవికే పోలేదని, ఎక్కడో ఎరువులేసిన పొలం మట్టి తెచ్చి పోడు మట్టని చెప్పిందని అన్నారు. నేను పక్కనే ఉన్నాను. తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు. పీహెచ్‌డీకి నన్ను తీసుకుంటానన్నారాయన. అదొక్కటే కారణమా? కాదు. ఆయన దృష్టిలో తెలివైనదాన్నిగా ఉండడం నాకు ఇష్టం. దాచకుండా చెబుతున్నాను, సీటు కంటే ఆ ఇష్టమే ఎక్కువ.

గదికి వచ్చాక సరిత అడిగింది.

"అక్కా, నువ్ నైలాన్ జల్లెడనే పట్టినవ్ గదా?"

"అవ్."

"గట్లయితే నాతోనే ఏదో తప్పయింది. ఊకెనే నిన్ను అడిగిన. ఏమనుకోకక్కా."

తప్పు నాది, క్షమాపణ ఆమెది.

మళ్లీ మట్టి తెమ్మన్నారు. ఈలోపు వానలకు దారులు తెగాయి, జ్వరం తిరగబెట్టింది. చదువు ఆపేసి ఇంటికి వెళ్లిపోయింది. నేను డాక్టరేట్ తెచ్చుకుని, కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మొన్న ఒక విద్యార్థిని అబద్ధమాడిందని తిట్టబోయి ఆగిపోయాను. తిట్టే నోరేది నాకు? మర్నాడే సెలవు పెట్టి చర్ల బస్సెక్కాను.

సరిత ఇప్పుడు ఊళ్లో బడి పిల్లలకు సైన్సు చెబుతోంది. బడి అరుగు మీద కూర్చుని అన్నీ చెప్పేశాను, చీర సంగతితో సహా. సరిత పోనీలే అనలేదు. లేచి నిలబడింది.

"దొంగ పని చేస్తే ఎల్లగొట్టిన్రని మా నాయన ఇప్పటికీ అనుకుంటుండు. నడువు, ఆయనకు చెప్పు."

వెళ్లాను. వాకిట్లో నన్ను ఎవరూ కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను, మొదటి నుంచీ. ముసలాయన నా మొహం చూడలేదు. కూతురి చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు, ఆమె ఏడ్చింది. ఇక అక్కడ నాకు పని లేదని వచ్చేశాను.

తిరుగు బస్సులో సీటు దొరికింది. భద్రాచలం వచ్చిందని కండక్టర్ తట్టి లేపేదాకా నిద్రపోయాను. అంత హాయిగా పడుకునే హక్కు నాకుందో లేదో తెలియదు. పడుకున్నాను మాత్రం.