దుప్పటి పట్టినవాళ్లు

మా మేనమామను వీధిలో అందరూ ‘కదలకు మామ’ అంటారు. ఫోటోలు తీసేవాడు కాబట్టి రోజుకు ఎన్నిసార్లు ‘కదలకండి’ అంటాడో ఆయనకే తెలియదు. నిద్రలో దోమను కూడా ‘కదలకు’ అని బతిమాలుకున్నాడని మా అత్తయ్య చెబుతుంది.

ఆయన స్టూడియో మెట్ల కింది గది. ఒక నీలం తెర, ఒక స్టూలు, గోడకు అద్దం, అద్దానికి దారంతో కట్టిన దువ్వెన. దారం లేకపోతే దువ్వెన ఎవరో ఒకరి జేబులో వెళ్లిపోతుంది. అత్తయ్య లోపల కూర్చుని ఫ్రేములు కడుతుంది. పొద్దున తలుపు తీయగానే మామయ్య కెమెరాను కళ్లకద్దుకుని, “ఇవాళ వచ్చేవాళ్లను ఉన్నదానికంటే ఒక పిసరు బాగా చూపించు స్వామీ” అని దణ్ణం పెట్టుకుంటాడు. అంతకుమించి ఏమీ అడగడు. ఫోటోకు వచ్చిన పిల్లలు ఏడిస్తే తానే స్టూలెక్కి కూర్చుని, వాళ్ల చేతికి కెమెరా ఇచ్చి, “ముందు నన్ను తీయండి” అంటాడు. ఆ ఫోటోల్లో ఆయన తల ఎప్పుడూ సగమే ఉంటుంది.

సెలవు రోజుల్లో మాత్రం కొండ మీద ఉంటాడు. అక్కడ శాంతి స్తూపం ఉంది. మనుషులు కొట్టుకు చావకూడదని కోరుకుంటూ భిక్షువులు కట్టించారు. తెల్లని గుమ్మటం, నాలుగు దిక్కులా నాలుగు గూళ్లు, వాటిలో కూర్చున్న బుద్ధుడు. “ఇన్నేళ్లుగా తీస్తున్నాను, ఒక్కసారి కూడా కదల్లేదు. అంత బుద్ధిమంతుణ్ణి ఇంకెక్కడా చూడలేదమ్మా” అంటాడు మామయ్య.

ఆ తెలుపుతోనే ఆయనకు తంటా. ఎండకు గుమ్మటం ధగధగలాడుతుంది. గుమ్మటం బాగా రావాలంటే ముందు నిలబడ్డవాళ్ల మొహాలు నల్లబడతాయి. మొహాలు రావాలంటే గుమ్మటం ఆకారం తెలియనంత తెల్లగా వెలిసిపోతుంది. అందుకని ఒక తెల్ల దుప్పటిని రెండు కర్రలకు కట్టి వాళ్లెదుట వాలుగా నిలబెడతాడు. దాని మీద పడిన ఎండ మొహాల మీదికి మళ్లుతుంది. దుప్పటి ఉతకడం అత్తయ్య పని, కర్రలు మోయడం ఆయన పని.

మా వీధిలోనే గుండీలవ్వ ఉంది. ఆమెకు ఇద్దరు కొడుకులు, ఇద్దరూ దర్జీలే. తండ్రి పోయాక ఆయన కత్తెర ఎవరిదన్న దగ్గర మాటామాటా పెరిగింది. ఒకే కొట్టు మధ్యలో చెక్కలు అడ్డం కొట్టుకున్నారు. అటు పెద్దవాడు, ఇటు చిన్నవాడు. మిషన్ల చప్పుడు తప్ప ఇద్దరి మధ్యా మాట లేదు. అవ్వ బయట అరుగు మీద కూర్చుని రెండు కొట్ల చొక్కాలకూ గుండీలు కుడుతుంది. కత్తెర మాత్రం ఆమె ఒళ్లోనే ఉంటుంది.

ఒకరోజు అవ్వ స్టూడియోకు వచ్చింది. “నా ఇద్దరు కొడుకులూ ఒక ఫోటోలో కావాలి నాయనా. ఇంకేం వద్దు” అంది.

“కొండ మీదికి తీసుకురా పెద్దమ్మా, చూద్దాం” అన్నాడు మామయ్య.

ఆ సెలవునాడు మామయ్య, అత్తయ్య, అవ్వలతో నేనూ కొండ ఎక్కాను. పైన భిక్షువు ఒకాయన ఆకులు ఊడుస్తూ, ఆయాసపడుతున్న అవ్వను చూసి తన పీట తెచ్చి వేశాడు. కాసేపటికి ఒక వైపు మెట్ల నుంచి పెద్దవాడు, మరో వైపు నుంచి చిన్నవాడు వచ్చారు. ఒకర్నొకరు చూసుకుని ఇద్దరూ ఆగిపోయారు.

“నన్నొక్కణ్ణే రమ్మన్నావుగా అమ్మా!” అన్నాడు పెద్దవాడు.

“అవును నాయనా. ఇద్దర్నీ ఒక్కొక్కణ్ణే రమ్మన్నాను” అంది అవ్వ.

“అన్నా, అమ్మను ఒక్కదాన్నే తియ్యండి” అని చిన్నవాడు మామయ్యతో అన్నాడు. పెద్దవాడు కాదనలేదు. అవ్వ మొహం చిన్నబోయింది.

మామయ్య ఆమెను గుమ్మటం ముందు పీట మీద కూర్చోబెట్టి ఒకటి తీసి, అందరికీ చూపించాడు. “చూడండి, స్తూపం వచ్చింది, అమ్మ బొగ్గయింది. దుప్పటి పట్టాలి. కర్రలేమో మర్చిపోయొచ్చాను. చెరో కొస పట్టుకోండి బాబూ, అమ్మ కోసం.”

అమ్మ కోసమంటే ఎవరు కాదంటారు? పట్టుకున్నారు. కొండ మీద గాలి, దుప్పటి పడవ తెరచాపలా ఉబ్బింది.

“వాలుగా లాగకు. బట్ట సాగిపోతుంది” అన్నాడు పెద్దవాడు, దుప్పటితో చెబుతున్నట్టు.

“బట్ట సంగతి నాకు చెప్పొచ్చావా? నాన్న కత్తెర ముందు నా చేతికే ఇచ్చాడు.”

“ఇచ్చాడు. నువ్వు మొదట కత్తిరించింది ఆయన చొక్కానేగా!”

“ఆ చొక్కాకు చెయ్యి తిరగేసి కుట్టిందెవరట?”

అవ్వ పకపకా నవ్వింది. “ఆయన ఆ చొక్కా వేసుకునే ఊరంతా తిరిగాడర్రా!” అంది.

“వెలుగు చాలట్లేదు, ఇంకొంచెం దగ్గరికి... ఇంకా... అమ్మ పక్కకు రండి, దుప్పటి ఆవిడ మోకాళ్ల మీదుగా పట్టండి” అంటూ మామయ్య తాను మాత్రం వెనక్కి వెనక్కి నడిచాడు. ఇద్దరూ అవ్వకు చెరో పక్కా వచ్చి చేరారు. ముగ్గురి మొహాల మీదా తెల్లని వెలుగు పడింది.

“కదలకండి!”

కదల్లేదు.

దిగేటప్పుడు అత్తయ్య నీళ్ల సీసా కోసం మామయ్య సంచిలో చెయ్యి పెట్టి, కర్రలు బయటికి తీసింది. “దేవుడి ముంగిట్లో అబద్ధమాడతారా?”

“అబద్ధం కాదే, మర్చిపోయాను. ఇదిగో, ఇప్పుడే గుర్తొచ్చింది.”

ఆ కర్రలను దారిపొడవునా అత్తయ్యే మోసింది.

చెక్కల అడ్డం ఇప్పటికీ అలాగే ఉంది. ఫోటో తన కొట్లోనే పెట్టాలని ఇద్దరూ పట్టుబడితే, అవ్వ దాన్ని అరుగు మీద రెండు కొట్లకూ మధ్య ఉన్న స్తంభానికి కొట్టమంది. మామయ్య మేకు కొడుతుంటే కొట్లో నుంచి చిన్నవాడు, “కుడివైపు వంగింది” అన్నాడు.

చెక్కల అవతల నుంచి పెద్దవాడు, “కుడి కాదురా, ఎడమ. బయటికొచ్చి చూడు” అన్నాడు.

చిన్నవాడు మిషను ఆపి బయటికొచ్చాడు.