ఆటు తీసిన ఆదివారం

మా ఇంట్లో సముద్రం ఒడ్డున పుట్టని వాళ్లెవరూ లేరు. ఈత వచ్చినవాళ్లూ లేరు. నాన్న ఉద్యోగం హైదరాబాదుకు మారినప్పుడు తార్నాకలో అద్దెకు దిగాం. అప్పటికి నాకు పన్నెండేళ్లు. అరవైల దశకం చివరికి వచ్చేసరికి నేను అక్కడికి నడక దూరంలోనే ఉన్న యూనివర్సిటీలో భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. చెల్లెలు డిగ్రీ రెండో సంవత్సరం.

మా లాబొరేటరీలో నా పక్క బల్ల మీద పనిచేసే స్నేహితుడు తెలంగాణ పల్లె నుంచి వచ్చినవాడు. వాళ్లది వ్యవసాయం. హాస్టల్లో ఉండేవాడు. వ్యవసాయపు బావిలో పైనుంచి దూకి ఈత నేర్చుకున్నవాడు, కానీ ఇరవై నాలుగేళ్లు వచ్చినా సముద్రం చూడలేదు. ఒకరోజు డిపార్టుమెంటు లైబ్రరీలో ఏదో పాత విదేశీ పత్రిక తిరగేస్తూ నన్ను పిలిచాడు. అందులో కయాక్ బొమ్మ ఉంది. సన్నగా, పొడుగ్గా, మనిషి నడుం దాకా లోపల కూర్చుని రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడిపే పడవ. దాన్ని ఎలా చెయ్యాలో కొలతలతో సహా వేశారు.

"గిది మనం చెయ్యొచ్చు భై," అన్నాడు.

నేను నవ్వేశాను. అతను నవ్వలేదు. సీతాఫల్‌మండిలో బుట్టలల్లే వాళ్ల దగ్గర వెదురు బద్దలు చీల్పించాడు. సికింద్రాబాదులో పాత మిలటరీ గుడారాల గుడ్డ దొరికింది. మా వరండాలో నెల రోజులు ప్రతి సాయంత్రం అతను బద్దలు వంచి కట్టడం, నేను పట్టుకుని నిలబడటం, చెల్లెలు దబ్బనంతో గుడ్డ కుట్టడం. పైన మూడు పూతలు రంగు వేశాం. విప్పితే రెండు మూటలయ్యే పడవ అది. తర్వాత ఒక్కరు కూర్చునే చిన్నది కూడా చేశాడు. అమ్మ అతనికి రోజూ కాఫీ ఇచ్చేది. నాన్న ఆఫీసు నుంచి వచ్చి కాసేపు నిలబడి చూసి, "మంచి పనివాడివయ్యా," అనేవారు.

కృష్ణ సముద్రంలో కలిసే చోట, లంకల మధ్య, మా మేనమామ ఊరు. నెలకొకసారి శుక్రవారం సాయంత్రం మూటలతో రైలెక్కేవాళ్లం. పొద్దున బెజవాడలో దిగి బస్సు పట్టుకుంటే మధ్యాహ్నం భోజనానికి మామయ్య ఇంట్లో ఉండేవాళ్లం. మేనమామ ఇల్లు కాబట్టి చెల్లెల్ని పంపడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున నీళ్ల మీద. ఉప్పునీటి బురదలో పెరిగే మడచెట్ల మధ్య సన్నటి పాయల్లో తెడ్డు చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. మొదటిసారి నదీముఖం దగ్గర ఇసుక దిబ్బ ఎక్కి సముద్రం చూసినప్పుడు అతను చెప్పులు విడిచి అలల దాకా నడిచాడు. తర్వాత దోసిలితో నీళ్లు తీసి నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. "నిజంగనే ఉప్పు," అన్నాడు. చెల్లెలు పడీ పడీ నవ్వింది.

అలా ఐదారు సార్లు వెళ్లాం. అది చివరిసారని అప్పుడు తెలియదు.

ఆ ఆదివారం పొద్దున్నే నదీముఖం దగ్గర దిబ్బకు చేరాం. పెద్ద కయాక్‌లో ముందు చెల్లెలు, వెనక అతను. చిన్నదాంట్లో నేను. ఒడ్డుకు ఎక్కిస్తుంటే నా పడవ అడుగు ఆల్చిప్పలకు తగిలి జానెడు చిరిగింది. నేను ఇసుకలో కూర్చుని సూదీ దారం తీశాను.

"నువ్వు కుట్టేలోపు ఇట్లా ఓ చుట్టు చుట్టొస్తం," అన్నాడు అతను.

"అన్నయ్యా, తొందరేం లేదు, గట్టిగా కుట్టు," అంది చెల్లెలు.

తల వంచుకుని కుడుతున్నాను. పావుగంట తర్వాత తలెత్తితే వాళ్లు రెండు దిబ్బల మధ్య పాయలో ఉన్నారు. ఇద్దరూ గబగబా తెడ్లు వేస్తున్నారు. పడవ ముక్కు నావైపే ఉంది. కానీ పడవ దగ్గరికి రావటం లేదు. ఇంకాసేపు చూశాక అర్థమైంది, దూరం జరుగుతోంది.

లేచి అరుస్తూ ఒడ్డు వెంట పరుగెత్తాను. అతను ఏదో అరిచాడు. గాలికి "నీళ్లు గుంజుతున్నయ్" అన్నంత వరకే వినపడింది. దిబ్బ కొస దాకా వెళ్లాను. అక్కడితో ఇసుక అయిపోయింది. మోకాళ్ల లోతు దిగాను. కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే వెనక్కి వచ్చేశాను. నాకు ఈత రాదు. నా పడవకు చిల్లు. వాళ్లు చిన్నవాళ్లయిపోయారు. తెడ్డు రెక్క ఎండకు ఒకటి రెండుసార్లు మెరిసింది. తర్వాత అదీ లేదు.

దిబ్బకు అటుపక్క ఒక ముసలి పల్లెకారు వలలు ఆరబెట్టుకుంటున్నాడు. అతని దోనె అక్కడే ఉంది. పరుగెత్తి వెళ్లి చెప్పాను. చేతులు పట్టుకున్నాను. అతను నీళ్లవైపు చూశాడు.

"ఆటు తీస్తంది బాబూ. నీళ్లన్నీ సముద్రంలోకి పోతన్నాయి. ఇప్పుడు నా దోనె దింపినా అటే పోద్ది. అప్పుడు ఇద్దరి బదులు ముగ్గుర్ని ఎతకాల."

"మరేం చెయ్యమంటావు?"

"పోటు రావాల. నీళ్లు మళ్లేదాకా ఏం సెయ్యలేం. కూకో."

కూర్చోలేదు. లేచి దిబ్బ కొసకు వెళ్లడం, తిరిగి రావడం. ఎన్నిసార్లో లెక్క లేదు. ముసలాయన తన ముంతలో నీళ్లు ఇచ్చాడు. నాకు కోపం వచ్చింది, అంత నెమ్మదిగా ఉన్నందుకు. నీ పిల్లలయితే ఇలా కూర్చుంటావా అన్నట్టు ఏదో అన్నాను. అతను వల దులుపుకున్నాడు. కాసేపయ్యాక, "నా పెద్దోడు ఇక్కడే పోయాడు బాబూ. ఎంటనే ఎళ్లాను. దొరకలా," అన్నాడు. ఆ తర్వాత నేను కూర్చున్నాను.

ఎండ నడినెత్తికి వచ్చింది. అమ్మకు ఏం చెప్పాలి అన్న ఒక్క మాట దగ్గరే బుర్ర ఆగిపోయింది. మధ్యాహ్నం దాటాక పాయలో నీళ్లు కదలకుండా నిలబడ్డాయి. ముసలాయన లేచి దోనె తోశాడు. నన్ను ఎక్కించుకోలేదు, బరువన్నాడు.

పొద్దు వాలుతుండగా తిరిగొచ్చాడు. దోనెలో చెల్లెలు. వెనక తాడుకు మా కయాక్. నా స్నేహితుడు దోనె అడుగున వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

తర్వాత చెల్లెలు చెప్పింది. చివరి మడ దిబ్బ పక్కనుంచి కొట్టుకుపోతున్నప్పుడు అతను పడవ తాడు నడుముకు కట్టుకుని నీళ్లలోకి దూకాడట. ఛాతీ లోతు నీళ్లు. మడచెట్టు వేళ్లు చేతికి దొరికాయి. నీళ్లు మళ్లే వరకూ వాటిని వదలలేదు. నీళ్లు తగ్గేకొద్దీ కాళ్లు తొడల దాకా బురదలో దిగబడ్డాయి. ఆల్చిప్పలు కాళ్లు కోసేశాయి. తను పడవలోనే కూర్చుని ఉంది. "భయపడకు చెల్లె, మా బావిల నీళ్లు కూడ గిట్లనే సల్లగుంటయ్," అని మాటలు చెబుతూనే ఉన్నాడట. కాసేపటికి ఆ మాటలు కూడా ఆగిపోయాయట.

సాయంత్రం బస్సు పోయింది. చెల్లెలికి జ్వరం తగిలింది. మర్నాడు పొద్దున మామయ్య మా ఇంటికి టెలిగ్రాం కొట్టాడు: అందరూ క్షేమం, రేపు వస్తున్నారు. ఆ క్షేమమన్న మాటే ఇంట్లో వాళ్లను భయపెట్టింది. మంగళవారం అతను స్టేషన్ నుంచే హాస్టల్‌కు వెళ్లాడు; మేం ఇంటికి చేరేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. చెల్లెలు దాచకుండా అన్నీ చెప్పింది. నాన్న అంతా విని లోపలికి వెళ్లిపోయారు.

గురువారం సాయంత్రం అతను వచ్చాడు. కాళ్లకు కట్లు, కుంటుతూ గేటు తీశాడు. నాన్న వరండాలో కుర్చీలో ఉన్నారు. నేను గుమ్మం దగ్గర.

"రా బాబూ, కూర్చో," అన్నారు నాన్న. అతను కూర్చోలేదు.

"చెల్లెకు జరం తగ్గిందా సార్?"

"తగ్గింది. నువ్వు చేసిన మేలు మేం మరచిపోం. కానీ ఒక మాట. పెళ్లి కావలసిన పిల్ల. పూటంతా మీరిద్దరే అక్కడ... నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. బయట కూడా రోజులు బాగాలేవు. మీ వాళ్లు, మా వాళ్లు అంటున్నారు. ఇకమీదట నువ్వు ఇంటికి రాకపోతేనే మంచిది."

నాన్న గొంతు పెంచలేదు. అది మరీ కష్టంగా ఉంది. అతను నావైపు చూశాడు. నేను ఏదో ఒకటి అనాలి. నాన్నా, అది కాదు అంటే చాలు. దిబ్బ మీద కనీసం అరిచాను, పరుగెత్తాను. ఇక్కడ గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"సరే సార్, పోయొస్త," అని అతను గేటు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. బస్టాపు దాకా తోడు కూడా వెళ్లలేదు.

వెనక్కి తిరిగితే చెల్లెలు నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

ఆ వారంలోనే క్యాంపస్‌లో ప్రత్యేక తెలంగాణ గొడవలు ముదిరాయి. ఊరేగింపులు, లాఠీచార్జీలు. క్లాసులు ఆగిపోయాయి. మమ్మల్ని నాన్న తార్నాక దాటనివ్వలేదు. కాస్త సద్దుమణిగిందనుకున్న రోజు చెల్లెలు ఒక కవరు నా చేతిలో పెట్టింది. "ఆయనకు ఇవ్వు. థాంక్స్ చెప్పాను, అంతే. నువ్వు చెప్పలేదుగా," అంది.

హాస్టల్‌కు వెళ్లాను. గేటుకు తాళం. వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"అందరు ఇండ్లకు వోయిండ్రు సార్. మల్ల ఎప్పుడు తెరుస్తరో ఎర్కలేదు."

"ఆయన ఏ ఊరు?"

"నాకేం తెల్సు సార్. మీ దోస్తే గదా."

రెండేళ్లు పక్కపక్కన కూర్చున్నాం. మా మామయ్య ఊళ్లో ఏ ఇల్లు ఎవరిదో అతనికి తెలుసు. మా అమ్మ మోకాళ్ల నొప్పులు తెలుసు. అతని ఊరి పేరు నేనెప్పుడూ అడగలేదు. వరంగల్ అవతల అనేవాడు. అంతవరకే విన్నాను.

నెలల తర్వాత యూనివర్సిటీ ఆఫీసు తెరిచాక రిజిస్టరులో వెతికిస్తే వరంగల్‌లో ఎవరో బంధువుల చిరునామా దొరికింది. దానికి చెల్లెలి ఉత్తరం పోస్టు చేశాను. మూడు వారాలకు తిరిగొచ్చింది, ఈ పేరుగలవారు ఇక్కడ లేరని. అతను మళ్లీ చేరలేదు. ఎక్కడో స్కూల్లో టీచరయ్యాడని ఒకరన్నారు, ఊళ్లో వ్యవసాయం చూసుకుంటున్నాడని ఒకరన్నారు. ఏది నిజమో తెలియలేదు.

చెల్లెలు తిరిగొచ్చిన కవరును అటూ ఇటూ తిప్పి చూసింది.

"వాళ్ల ఊరి పేరు నిజంగానే నీకు తెలియదా?"

"తెలియదు," అన్నాను.

ఆమె కవరు పుస్తకంలో పెట్టుకుని లోపలికి వెళ్లింది. ఆ తర్వాత రెండుసార్లు అడిగింది, ఏమైనా తెలిసిందా అని. మరి అడగలేదు.