మా సత్తికి నేను కలిపిన ఏడాది

అబద్ధమాడినా అతికినట్లుండాలంటారు. నేను ఆడినవాటిలో ఒక్కటే అలా అతికింది. ఎంత గట్టిగా అతికిందంటే, ఎనిమిదేళ్ల తర్వాత దాన్ని ఊడబీకడానికి నేను పట్టుకోని కాళ్లు లేవు, అయినా ఊడలేదు. చివరికి ఊడకూడని చోట, మైదానమంతా చూస్తుండగా, తనంతట తానే ఊడింది. దాంతోపాటు నా పరువు, మా వాడి ఆట, రెండూ పోయాయి. ఆ ముచ్చట చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో అందరూ నవ్వారు, ఒక్క మా సత్తి తప్ప.

మాది నారాయణపేట. ఇంట్లో గుంట మగ్గం. మా ఆయన నేస్తుంటే నేను రాట్నం మీద కండెలు చుట్టేదాన్ని. పెద్దవాడు సత్యనారాయణ, పిలుపుకు సత్తి. పేరులో ఉన్న సత్యం వయసులో లేకుండా చేసిన మహాతల్లిని నేనే.

నాలుగేళ్లప్పుడు వాడు పిల్లవాడు కాదు, ఇంట్లో చొరబడ్డ కోతి. మగ్గం గుంటలోకి దూకేవాడు. వాళ్ల నాయిన కాళ్ల సందు నుంచి దూరి పడుగు కింద పాకి అవతల తేలేవాడు. వాడు పాకిన దారి పొడుగునా పోగులు తెగేవి. తెగిన పోగు అతికేలోపు ఇంకో పక్క తెంపేవాడు. చీర అందలేదని సావుకారు రోజూ మనిషిని పంపేవాడు. మా ఆయన వాణ్ని ఏమీ అనలేక నన్ను అనేవాడు. మీరే చెప్పండి, నాకు బడి గుర్తుకు రాక గుడి గుర్తుకొస్తుందా?

బడిలో వేయాలంటే ఐదేళ్లు నిండాలి. వీడికి నాలుగు నిండి ఆరేడు నెలలైంది. ఒక్క ఏడాది ఓపిక పట్టి ఉంటే ఈ కథే లేదు. కానీ అప్పుడు నా వయసు ఇరవై రెండు. ఆ వయసులో ఓపిక ఎక్కడ దొరుకుతుంది?

ఎనభైల్లో మా వైపు పిల్లలు ఇంట్లోనే, మంత్రసాని చేతిలో పుట్టేవారు. పుట్టినట్టు కాగితం ఉండేది కాదు. అందుకని బడిలో ఒక పరీక్ష పెట్టేవారు. పిల్లవాడు కుడిచేతిని నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవిని అందుకోవాలి. అందితే ఐదేళ్లు నిండినట్టు. మా వాడి చేయి చెవికి బెత్తెడు దూరంలో ఆగిపోయేది. నేను బెల్లం ముక్క ఆశ చూపి వారం రోజులు సాధన చేయించాను. తలను కుడి భుజం మీదికి వాల్చేస్తే ఎడమ చెవి దానంతట అదే పైకొస్తుందని కనిపెట్టింది నేనే.

పరీక్ష రోజు సత్తి మెడ విరిగిన కోడిపిల్లలా నిలబడి చెవి పట్టుకున్నాడు. పిల్లవాడి మెడకు ఏమైందని హెడ్మాస్టరు అడిగారు. రాత్రి నిద్రలో పట్టేసిందన్నాను. ఆయన నమ్మి, ఐదు నిండాయి కదా అన్నారు. అవునంటే సరిపోయేది. బజారులో కొసరు అడగడమే గానీ వేయడం తెలియని దాన్ని, ఆ రోజు కొడుకు వయసుకు కొసరు వేశాను. "ఐదు నిండి శానా దినాలైంది సార్" అన్నాను. ఆయన వేళ్లు లెక్కపెట్టి, తనకు తోచిన తారీఖు వేసి, మా వాడిని ఒక్క కలంపోటుతో ఏడాది పెద్దవాణ్ని చేశారు.

తర్వాత ఎనిమిదేళ్లూ వాడు ప్రతి తరగతిలోనూ అందరికంటే పొట్టివాడు. సార్లు అరకిలో అని పిలిచేవారట. పాసవుతూ వచ్చాడు కాబట్టి నేను పట్టించుకోలేదు. పైగా ఏడాది ముందే చదువైపోతుందని లోపల మురిసిపోయాను.

వాడు తొమ్మిదిలో ఉండగా బడికి ఖాదర్ సార్ అని వ్యాయామం నేర్పే ఆయన వచ్చాడు. ఆయనకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. బడికంతా కలిపి ఒకటే బంతి. దాన్ని పసిపిల్లలా సంకనేసుకుని తిరిగేవాడు. ఒకనాడు మా ఇంటికొచ్చి చాయ్ తాగుతూ ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు.

"అక్కా, నీ కొడుకు కాళ్లల్ల కండ్లున్నయి. గిట్ల ఉరికేటోన్ని నేను చూడలే."

పాలమూరులో జిల్లా పోటీలున్నాయని, పద్నాలుగేళ్ల లోపు వాళ్ల జట్టులో బాగా ఆడినవాళ్లను క్రీడా హాస్టలుకు తీసుకుంటారని చెప్పాడు. అక్కడ తిండి, చదువు, బూట్లు అన్నీ వాళ్లే చూసుకుంటారట. మగ్గం మీద ఇద్దరం కలిసి ఎంత నేసినా వాడికి బూట్లు కొనిచ్చే రోజు రాదని నాకు తెలుసు. ఆ రాత్రి సత్తి అన్నం తినడం కూడా మరిచిపోయి హాస్టలు గురించే మాట్లాడాడు.

రెండు రోజులకు ఖాదర్ సార్ మళ్లీ వచ్చాడు. ఈసారి చాయ్ ముట్టలేదు. కొత్త సంవత్సరం మొదటి తారీఖుకు పద్నాలుగు నిండకూడదన్నది లెక్క. బడి రికార్డులో వీడికి నిండి నెలన్నరైందట. వీడు ఆడాలంటే పదిహేడేళ్ల వాళ్లతోనే ఆడాలట. మా వాడు వాళ్ల మోచేతికి వస్తాడు.

ఇంకా మంట పుట్టించే సంగతి వినండి. వీడి తరగతిలోనే ఆంజనేయులు అని ఒకడున్నాడు. గొంతు బండి ఎద్దులా ఉంటుంది, మూతి మీద నూనూగు మీసం. వాళ్ల నాయిన ముందుచూపు గలవాడు, రేపు సర్కారు కొలువుకు పనికొస్తుందని కొడుకు వయసు రెండేళ్లు తగ్గించి రాయించాడు. వాడు చిన్న జట్టులో, మా అరకిలో పెద్ద జట్టులో. ఊళ్లో ప్రతి ఇంటికీ ఒక అబద్ధముంది. తెలివిగలవాళ్లు ఏళ్లు తీసేయించారు, నేను కలిపించాను.

మర్నాడే హెడ్మాస్టరు దగ్గరికి పరుగెత్తాను. అప్పటి హెడ్మాస్టరే, జుట్టు మాత్రం తెల్లబడింది.

"సార్, మా సత్తి వయసు నేను అప్పుడు ఏడాది ఎక్కువ చెప్పిన. జర సరిచెయ్యండ్రి" అన్నాను.

"ఆటలున్నయంటె అందరికీ గిదే యాదికొస్తదమ్మా."

"నిజం చెప్తున్న సార్."

"అప్పుడు గూడ నిజమే అన్నవు గద."

దానికి జవాబు మీ దగ్గర ఉంటే చెప్పండి. ఆయన నా మొహం చూసి జాలిపడి, పెద్దమనిషి ఎవరైనా వచ్చి చెబితే పైకి రాసి చూస్తానన్నారు. మా అత్తమ్మ కంటే పెద్దమనిషి ఎవరు? వాడు పుట్టినప్పుడు బొడ్డు కోసిన మంత్రసాని పక్కనే నిలబడ్డ మనిషి. చేయి పట్టుకుని తీసుకుపోయాను. సారు ఏదడిగినా ఉన్నదున్నట్టు చెప్పమని దారి పొడుగునా నూరిపోశాను.

హెడ్మాస్టరు ఆమెకు కుర్చీ వేయించి, "అవ్వా, నీ కోడలు అప్పుడు మనుమని వయసు అబద్ధం చెప్పిందంటున్నరు, నిజమేనా?" అని అడిగారు.

అంతే. అత్తమ్మకు పౌరుషం పొడుచుకొచ్చింది. కుర్చీలోంచి లేచి కొంగు నడుముకు చెక్కింది.

"ఎవరు సారూ గా మాటన్నది? మా కోడలు పని నెమ్మది గావొచ్చు, నోరు దురుసు గావొచ్చు, అబద్ధమాడే మనిషైతె కాదు. ఆమె ఏం చెప్పిందో గదే రాసుకోండ్రి. ఒక్క దినం గూడ తక్కువ లేదు."

నేను వెనక నుంచి చీర లాగుతున్నాను, సైగలు చేస్తున్నాను. ఆమె నా చేయి విదిలించి, తను పక్కనుంటే తన కోడలిని ఎవరూ మాట అనలేరన్నట్టు చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తమ్మ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. దానికి సంతోషించాలో, తల గోడకు కొట్టుకోవాలో తెలియలేదు. హెడ్మాస్టరు మాత్రం ఇక చాలా అన్నట్టు నా వైపు చూశారు.

అయినా నేను ఆగానా? ఆగితే నేనెందుకవుతాను? పోటీల రోజు నేనూ పాలమూరు బస్సెక్కాను. అక్కడి పెద్దవాళ్లు పిల్లవాణ్ని కళ్లారా చూస్తే వాళ్లే చిన్న జట్టులో కలుపుతారని నా ఆశ. అందుకోసం వాడిని ఇంకాస్త చిన్నగా తయారు చేశాను. నెత్తికి నూనె కారేలా రాసి పక్కకు అణిచి దువ్వాను. ఆరో తరగతి నాటి నిక్కరు తొడిగించాను. ఊపిరాడటం లేదని వాడు మొత్తుకుంటే, హాస్టలు కావాలా ఊపిరి కావాలా అని అడిగాను. వాడు హాస్టలే కావాలన్నాడు పాపం.

మైదానం పక్కన షామియానా కింద బల్ల వేసుకుని కళ్లద్దాల అధికారి ఒకాయన కూర్చున్నాడు. నా గోడంతా వెళ్లబోసుకున్నాను. ఆయన సత్తిని కింది నుంచి మీదికి చూసి, చిన్నగానే ఉన్నాడన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే తల అడ్డంగా ఊపాడు.

"చూపుకు చిన్నగుంటె లాభం లేదమ్మా. తల్లి మాట చెల్లది. కాగితం ఏం చెప్తె గదే."

సరిగ్గా అప్పుడే ఆంజనేయులు మీసం తుడుచుకుంటూ ఆయన ముందు నుంచే చిన్నపిల్లల జట్టులోకి నడిచి వెళ్లాడు. కళ్లద్దాలు అటు తిరగనైనా లేదు. ఆ కోపం దిగమింగుకోవడానికి నేను కుండెడు నీళ్లు తాగాను.

మధ్యాహ్నం పెద్దవాళ్ల ఆట. మా బడి జట్టులో ఒకడు పొద్దున్నుంచీ మిర్చి బజ్జీలు తిని కడుపు పట్టుకుని పడిపోయాడు. ఇంకో మనిషి లేడు. ఖాదర్ సార్ సత్తి వైపు చూశాడు, సత్తి నా వైపు చూశాడు, నేను ఆ దున్నపోతుల్లాంటి పిల్లల వైపు చూశాను. నేను నోరు తెరిచేలోపే వాడు సున్నపు గీత దాటి లోపలికి ఉరికాడు.

ఇక ఏం చెప్పమంటారు? నిక్కరు బిగుతుగా ఉండి అడుగు పెద్దగా పడదు కాబట్టి చిన్న చిన్న అడుగులతో బంతిని కాలికి కట్టుకున్నట్టే తీసుకుపోయాడు. పెద్దవాళ్లు వంగి చూసేసరికి వాళ్ల వెనకున్నాడు. జనం ఈలలు వేశారు. జట్టును ఎంచేవాళ్లు కుర్చీల్లో ముందుకు జరిగారు. వాళ్లలో ఒకాయన ఖాదర్ సార్‌ను పిలిచి ఆ పొట్టివాడి పేరేమిటని అడిగాడు. ఖాదర్ సార్ నా దగ్గరికొచ్చి, మెల్లగా, "అక్కా, పెద్ద జట్టుల తీసుకునేటట్టున్నరు. హాస్టల్ల పెద్దోళ్లకు గూడ జాగా ఉన్నదట. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఫికర్ చెయ్యకు అన్న మాట ఇంకా గాలిలో ఉండగానే, అవతలి జట్టులో గడ్డం గీసుకునే వయసున్న ఒకడు వచ్చి మా వాడిని గుద్దేశాడు. సత్తి ఎగిరి పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయి రక్తం.

తర్వాత ఏం చేశానో నాకు గుర్తులేదు. చూసినవాళ్లు చెప్పగా విన్నదే. చెప్పు చేతిలో పట్టుకుని మైదానం మధ్యలోకి పోయానట. ఆ పొడుగువాడు నన్ను చూసి పరుగందుకున్నాడట. రిఫరీ ఈల వేసి ఆట ఆపాడు.

"నా కొడుక్కు పదమూడేండ్లు. పసిపోరని మీదికి గింత పెద్దోడు వస్తడా?" అని అరిచిన అరుపు మాత్రం నాకు గుర్తుంది.

అవతలి జట్టు సారు మెల్లగా లేచాడు. పద్నాలుగు నిండనివాణ్ని పెద్దవాళ్ల ఆటలో దించకూడదని, దెబ్బ తగిలితే పూచీ ఎవరిదని అడిగాడు. అలాంటి నియమం ఒకటుందని నాకేం తెలుసు? ఖాదర్ సార్ సర్టిఫికెట్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వాడికి పద్నాలుగు నిండాయని చూపించాడు. కింద కూర్చున్న సత్తి నాకు రెండు చేతులూ జోడించాడు. ఆ దండం దేనికో నాకు అర్థమైంది.

పొద్దుటి కళ్లద్దాల ఆయన వచ్చాడు. "చెప్పమ్మా, పిల్లగానికి ఎన్నేండ్లు?" అన్నాడు.

నేను "పద్నాలుగు సార్. నిండినయి" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. నూనె కారుతున్న సత్తిని, ఆ నిక్కరును చూశాడు. ఖాదర్ సార్ చేతిలోని సర్టిఫికెట్‌ను ముట్టుకోనైనా లేదు.

"ఇప్పుడు భయపడి ఎక్కువ చెప్తున్నది. పొద్దున నాతోని గూడ పదమూడే అన్నది. కన్నతల్లే చెప్పినంక ఇగ కాగితమెందుకు?" అని సత్తిని బయటికి పంపించాడు.

రెంటికీ చెడ్డ రేవడి అంటారే, వాణ్ని మీరెవరూ చూసి ఉండరు. నేను కన్నాను. కాగితం ప్రకారం చిన్న జట్టుకు పెద్దవాడు, కన్నతల్లి మాట ప్రకారం పెద్ద జట్టుకు చిన్నవాడు. నెల రోజులు కాళ్లావేళ్లా పడి నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు. నమ్మకూడని ఒక్క నిమిషంలో జిల్లా అంతా నమ్మింది.

తిరుగు బస్సు దేవరకద్ర దాటింది, మరికల్ వచ్చింది. మోకాలికి కట్టిన నా రుమాలు సర్దుకుంటూ అప్పుడు సత్తి అన్నాడు.

"అమ్మా, వచ్చే ఏడు నాకు నిజంగనే పద్నాలుగు నిండుతయి. అప్పుడు మళ్ల పోత. నువ్వు రాకు."

రానన్నాను. మరుసటి ఏడు వాడు వెళ్లాడు, ఆడాడు, జిల్లా జట్టులో చేరాడు. హాస్టలులో జాగా మాత్రం ఆ ఏడాది దొరకలేదు. ఖాదర్ సార్ తన పాత బూట్లిచ్చాడు, ముందు భాగంలో గుడ్డలు కుక్కుకుని ఆడాడట. ఆడాడట అనే అంటున్నాను, ఎందుకంటే నేను చూడలేదు. ఇంట్లో కండెలు చుడుతూ కూర్చున్నాను.

పాలమూరు నుంచి తిరిగొచ్చిన సాయంత్రమే దీపం ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. ఈ కట్టె కాలేదాకా ఏ పిల్లవాడి వయసుకూ ఒక్క రోజు కలపను, ఒక్క రోజు తీయను. ఆడుతున్న పిల్లల దరిదాపుల్లో చెప్పులు చేత పట్టను. ఎన్నేళ్లని ఎవరడిగినా నోరు విప్పను.

నిలబెట్టుకున్నానా అంటారా? మొన్న మా చెల్లెలు బిడ్డను బడిలో వేయడానికి నన్ను వెంట తీసుకుపోయింది. హెడ్మాస్టరు ముందు కూర్చున్నాక, "అక్కా, దీనికి ఎన్నేండ్లని రాయించాలె?" అని నన్నే అడిగింది. అక్కడున్న చెంబు ఎత్తి నోటి నిండా నీళ్లు పోసుకుని, అందరికీ నమస్కారం పెట్టి బయటికి నడిచాను. ఆ నీళ్లు ఇంటికొచ్చేదాకా మింగలేదు.