మెంతుల కింద కీ

నా మీదున్న బరువును తక్కెడలో వేస్తే ముల్లు కూడా కదలదు. మెంతిగింజ కంటే కొంచెం పెద్దది, గోటిముక్క కంటే కొంచెం మందం. దాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. నెత్తిన కాదు, పోపుల డబ్బాలో. తోడబుట్టిన అక్కకు కూడా చెప్పలేదు. దేవుడికీ చెప్పలేదు, ఆయనకు ఎలాగూ తెలిసే ఉంటుందని తప్పించుకున్నాను. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. ఆ ధైర్యమే.

మా ఆయన ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసి రిటైరయ్యారు. ఒకరోజు రబ్బరు వాషర్ల కోసం బళేపేట బజారుకు వెళ్లి, వచ్చేటప్పుడు గుజరీ అంగడి నుంచి, అంటే పాత ఇనుము కొట్టు నుంచి, ఒక పడవ మోటరును ఆటోలో వేసుకొచ్చారు. పడవ వెనకాల తగిలించే రకం. పైన తలకాయలాంటి ఇంజిను, కింద పొడుగాటి కాలు, కాలి చివర ఫ్యాను. ఏదో బోటు క్లబ్బుదట. ఆ క్లబ్బు ఉండిన చెరువులో ఇప్పుడు బస్సులు నిలుస్తున్నాయి. సముద్రం లేని ఊరు, ఉన్న చెరువులను మింగిన ఊరు, అందులో మాకొక పడవ మోటరు. పడవ లేదు సుమా. ఆలు లేదు చూలు లేదు సామెత తుప్పు పట్టి మా వరండాలో కూర్చుంది.

"హొసకోటె చెరువు నిండనీ, నిన్ను కూర్చోబెట్టుకోని ఒక రౌండు కొడతా" అన్నారు. హొసకోటె నా పుట్టినూరు.

"ముందు మన డ్రమ్ము నిండనీండి" అన్నాను నేను.

ఆయన మరమ్మతు మొదలుపెడితే నాకు మతి పోయేది. మొదట పెట్రోలు దారి పట్టుకున్నారు. టాంకులో గుప్పెడు నట్లు పోసి, పసిబిడ్డను ఊపినట్టు ఊపి, తుప్పంతా రాల్చారు. బిరుసెక్కిన పైపులు తీసేసి కొత్తవి వేశారు. కార్బొరేటరు విప్పితే లోపల ఒక బెండుముక్క. పెట్రోలు మీద తేలవలసింది, తాగి తాగి మునగడం నేర్చుకుందట. దాన్ని మేడ మీద నా అప్పడాల పక్కనే ఎండబెట్టి, వార్నిషు పూసి, మళ్లీ ఎండబెట్టారు. ఆ ఏడాది అప్పడాలకు పెట్రోలు వాసన. "వేయించేటప్పుడు దూరంగా నిలబడు, స్టార్టయితాయి" అన్నారు. నవ్వాను. అప్పుడు నవ్వేదాన్ని.

తర్వాత నీళ్ల దారి. ఈ మోటరు తాను మునిగిన నీళ్లనే పైకి పీల్చుకుని ఒళ్లు చల్లార్చుకుంటుంది. ఎప్పటి చెరువు బురదో సందుల్లో గట్టిపడి ఉంటే, సైకిలు పుల్లతో గీకి గీకి తీశారు. కాలి లోపల ఒక రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది. అది తిరిగితేనే నీళ్లు ఎక్కుతాయి. ఆ చక్రాన్ని ఇరుసుతో కలిపి తిప్పేది ఒక కీ. తాళంచెవి కాదు. అరచందమామ ఆకారంలో చిన్న స్టీలు ముక్క, ఇరుసులో సగం, చక్రంలో సగం కూర్చుంటుంది. అది లేకపోతే ఇరుసు తన పాటికి తాను తిరుగుతుంది, చక్రం కదలదు. ఇవన్నీ నాకు ఎన్నోసార్లు చెప్పారు. నేను ఊఁ కొట్టాను. వినకుండా ఊఁ కొట్టడంలో నాకు డిగ్రీ ఉంది.

అది నీళ్లు లేని వేసవి. బోరు ఎండిపోయింది. కావేరి నీళ్లు రోజు విడిచి రోజు, అదీ దయ కలిగితే. ట్యాంకరువాణ్ణి అల్లుణ్ణి పిలిచినట్టు పిలవాలి. అలాంటి రోజుల్లో నేను నింపి పెట్టుకున్న నీలం డ్రమ్ములోకి, లోతు సరిపోతుందో లేదో చూస్తానని, ఆయన ఆ మోటరు కాలు దించారు. నేను వెళ్లేసరికి నీళ్ల మీద ఏడు రంగుల నూనె తెట్టు.

"ఎంత చెందంగా ఉండాదో చూడే" అన్నారు.

ఆ మాట అనకపోయి ఉంటే? ఏమో. కోపానికి ఏదో ఒక మాట కావాలి కదా, దొరికింది. ఆ నీళ్లు పారబోసి, పక్కింటికి బిందె పట్టుకుని వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆయన పేపరు పరిచి, విప్పిన సామానంతా వరసగా పెట్టి, కడిగిన కీని ఒక స్టీలు మూతలో భద్రంగా ఉంచి, గ్రీజు తేవడానికి వెళ్లారు. నేను ఆ కీ తీశాను. పోపుల డబ్బాలో మెంతుల కింద పెట్టాను. ఒక పూట వెతకనీ అనుకున్నాను, నేను బిందెడు నీళ్లకు వెతికినట్టు. అంతే. పాపానికీ పోపుకూ ఎంతో దూరం లేదని అప్పుడు తెలియదు.

సాయంత్రం ఆయన వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఏమే, మూతలో కీ పెట్టింటిని. చూస్తివా?"

"మీ ఇనుప సామాను నాకేం తెలుసు?"

చేతులు తిప్పి చూసుకున్నారు. వేళ్లకు గ్రీజు.

"చక్రం ఎక్కిచ్చేసినాక చూస్తే మూత ఖాళీ. నేనే బిగిచ్చేసింటినా ఏమో. నువ్వు ఆడే తిరగతా ఉంటివి కదా. బిగిచ్చినానా?"

"ఆఁ, బిగిచ్చినారు. నేను చూస్తిని. సుమ్నే ఊరికే తల తినద్దండి."

పోపుల డబ్బా నా మోచేతి పక్కనే ఉంది. తెరిస్తే అయిపోయేది. ఎందుకు తెరవలేదు? ఆ వయసులో చిన్నపిల్లలా దాచానని చెప్పడానికి సిగ్గు. రేపు మూతలో పెట్టేస్తే సరిపోతుందిలే అనుకున్నాను. రేపటిదాకా ఆయన ఆగలేదు. తన చేతుల కంటే నా కళ్లను ఎక్కువ నమ్మి, ఆ సాయంత్రమే కాలు మూసి మరలు బిగించేశారు.

మళ్లీ నీళ్లొచ్చిన రోజున, ఈసారి నన్ను అడిగి, డ్రమ్ము నింపుకున్నారు. తప్పు చేసినదాన్ని కనుక ధారాళంగా ఇచ్చాను. తాడు లాగారు. మోటరు అందుకుంది. వీధి కుక్కలన్నీ పరుగు. నీలం పొగలో ఆయన ముఖం, పెళ్లిలో కూడా అంత వెలగలేదు. "వినపడతా ఉండాదా?" అని అరిచారు. నేను తల ఊపాను. ఆ పాత రకంలో నీళ్లు ఎక్కుతున్నదీ లేనిదీ పైకి కనబడదు. అవి ఎక్కడం లేదని నాకు తెలియదు అని రాస్తే అది సగం అబద్ధం. కీ ఎక్కడుందో తెలుసు. గోరంత ముక్క లేకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. వద్దండి, ఆపండి అని నోటి దాకా వచ్చింది. ఆ ముఖం చూసి మింగేశాను. అది ప్రేమా, పిరికితనమా? ఈ వయసులో కూడా నాకు వాటి తేడా పట్టుబడలేదు.

శబ్దం బరువెక్కింది. రంగు కాలిన వాసన. ఒక్క కీచు, ఆగిపోయింది. మళ్లీ తాడు లాగితే రాలేదు.

ఆయన కాలు విప్పారు. ఇరుసు మీద గాడి ఖాళీగా ఉంది. వేలితో ఆ గాడిని తడిమి చూశారు. తర్వాత నా దగ్గరికి వచ్చారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే చెప్పేసేదాన్నేమో.

"నేను నొచ్చుకుంటానని బిగిచ్చినారు అంటివి కదా? నాకు మరుపు వచ్చిండేది నీకు ముందే తెలిసింటాది." నా చెయ్యి పట్టుకున్నారు. "మా నాయన మాదిరే."

మా మామగారు చివరి రోజుల్లో తన ఇంట్లో కూర్చునే తన ఇల్లెక్కడని అడిగేవారు. ఆయనకు అన్నం కలిపి పెట్టింది మా ఆయనే. ఈ లోకంలో మా ఆయనకు ఉన్న భయం అదొక్కటే. అది నాకు తెలుసు. తెలిసి ఏమన్నాను? "వయసైంది కదండి, అందరికీ అంతే" అన్నాను. మొదటి అబద్ధం కోపంతో చెప్పింది. ఇది జాలిగా చెప్పింది. అందుకే ఇంకా ఎక్కువ విషం.

ఆ తర్వాత ఆయన స్కూటరు తాళం నా చేతిలో పెట్టారు. బీరువాది, గేటుది కూడా. ఒక్క కీ దాచినందుకు ఇంట్లో తాళాలన్నీ నాకే దక్కాయి. పనిముట్లు ఎవరికో ఇచ్చేశారు. డాక్టరు పరీక్షలు చేసి, ఏమీ లేదు, మతి శుభ్రంగా ఉంది అన్నారు. ఆయన నమ్మలేదు. "నా ఇంటామె చూసింది సార్" అన్నారు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని.

గేటు మూసినానా, మాత్ర వేసుకున్నానా, స్నానం చేసినానా అని అన్నీ నన్నే అడిగేవారు. ఇప్పుడు అసలు మాట రాస్తాను. నాకది నచ్చింది. బతుకంతా మిషన్ల చుట్టూ తిరిగిన మనిషి, చివరికి నా కొంగు చుట్టూ తిరిగారు. రోజూ పొద్దున పోపు వేస్తూ, ఈరోజు చెప్పేస్తాను అనుకునేదాన్ని. మెంతులు తీసుకునేదాన్ని, మూత పెట్టేదాన్ని.

ఒక వానాకాలం హొసకోటె చెరువు నిండింది. బస్సులో వెళ్లాం. కట్ట మీద గాలికి నా కొంగు ఎగిరిపోతుంటే ఆయనే పట్టుకున్నారు.

"ఆ మోటరు నేను చంపకపోయింటే, ఈపొద్దు నువ్వు ఆడ నడుమ ఉంటివి" అని నీళ్ల మధ్యకు చూపించారు. "ఏమనుకోవద్దే."

అంత నీళ్లు ఎదురుగా. నేను వేరుశనక్కాయలు వలిచి ఆయన చేతిలో పెట్టాను.

జ్వరంతో పోయారు. ఆసుపత్రిలో, మాట తగ్గిపోయాక, నన్ను దగ్గరికి పిలిచారు. "రేపు నీళ్లొచ్చే దినము. సంపు మోటరు వేసేది మరిచేవు" అన్నారు. నిజమే, మరునాడు నీళ్ల రోజే. మరిచిపోయింది నేను.

క్షమించమని ఎవరిని అడగను? అడగవలసిన మనిషి నన్నే క్షమించమంటూ వెళ్లిపోయారు. మీరు నన్ను ఓదార్చవద్దు. పోనీలెమ్మా అనవద్దు.

ఈ పొద్దున వరండాలో మోటరు మీది గుడ్డ తీశాను. పేపరు పరిచాను. మెంతుల కింద నుంచి కీ తీసి, తుడిచి, ఆ స్టీలు మూతలోనే ఉంచాను. ఇన్నేళ్లయినా తుప్పు పట్టలేదు.

"మీరు పెట్టిన చోటే ఉండెనండి" అన్నాను, పైకే. "మీరేమీ మరిచిపోలేదు."

వంటింట్లోకి వచ్చి పోపుల డబ్బా మూత పెట్టాను. ఇప్పుడు అందులో మెంతులే ఉన్నాయి.