తోడొచ్చినవారు బయటికి

కరోనా తగ్గిన మరుసటి ఏడు వేసవిలో నన్ను కోటబొమ్మాళి వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేశారు. నాది ఆయా పని, నాలుగో తరగతి ఉద్యోగం. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి, ఓపీ చీటీల మీది పేర్లు చదివి పిలిచే పని కూడా నాకే ఇచ్చారు.

మా వైపు ఆసుపత్రికి ఎవరూ ఒంటరిగా రారు. రోగి కూర్చుంటాడు, తోడొచ్చినవాడు మాట్లాడతాడు. అందుకే మా డాక్టరమ్మ ఒక పద్ధతి పెట్టారు. బీపీ చూశాక తోడువాళ్లను బయటికి పంపాలి. ఆ పంపడం నా డ్యూటీ.

ఒకరోజు ధాన్యం మిల్లులో లారీ నడిపే తవిటయ్యను అతని బావ సూర్నారాయణ తీసుకొచ్చాడు. గుండె దడ, తలనొప్పి. చొక్కా చెమటకు తడిసిపోయింది. బావ అదే మిల్లులో మేస్త్రీ. తవిటయ్యకు పని ఇప్పించింది అతనే.

"ఆడికేటి లేదమ్మా. బీపీ మాత్ర ఒకటే ఏసుకుంటాడు. జలుబు సేస్తే మందుల షాపులో మాత్రలు నేనే తెచ్చిచ్చాను," అన్నాడు బావ.

నర్సమ్మ బీపీ రెండోసారి కూడా చూసి, బాగా ఎక్కువుందని డాక్టరమ్మ వైపు తిరిగింది. నేను సూర్నారాయణను లేవమన్నాను.

"ఏటప్పా, మా బామ్మర్దిని దాసీసుకుంటారేటి?"

"దాసుకుంటే తిండెవలు పెడతారు? నువ్వు నడు."

తలుపు వేశాక తవిటయ్య నోరు విప్పాడు. ఏ పని మీదా ధ్యాస నిలవక విశాఖలో మానసిక వైద్యుడికి చూపించుకున్నాడట. ఆయన ధ్యాసకొకటి, దిగులుకొకటి మాత్రలు రాశారు. బీపీ మాత్ర ఇచ్చిన డాక్టరుకు ఆ సంగతి చెప్పలేదు.

"పిచ్చి మందులని తెలిస్తే మా బావ లారీ తాళం లాగేస్తాడమ్మా," అన్నాడు.

ధ్యాస నిలిపే మాత్ర ఉత్తేజకమని, దానికదే గుండె వేగాన్నీ బీపీనీ పెంచుతుందని డాక్టరమ్మ చెప్పారు. దిగులు మాత్రల్లో కొన్ని కూడా అంతే. వాటి మీద ముక్కుదిబ్బడ తగ్గించే జలుబు మాత్ర పడింది. విడివిడిగా చూస్తే ఏదీ తప్పు మందు కాదు. కానీ అన్నీ కలిసి బీపీని నరం చిట్లే దాకా తెచ్చాయి. ఆమె జలుబు మాత్ర ఆపించారు, మిగతావి సొంతంగా మానొద్దన్నారు. విశాఖ డాక్టరుతో ఫోనులో మాట్లాడి, తవిటయ్యను 108లో శ్రీకాకుళం పంపారు.

వరండాలో సూర్నారాయణ నన్ను ఆపాడు. "ఏటయిందంటాడు ఆడు?"

"షాపు మాత్రలు ఇంక తేకు," అన్నాను. అంతకుమించి చెప్పలేదు.

మందులు మార్చాక, డాక్టర్లు సరేనన్నాకే, తవిటయ్య మళ్లీ లారీ ఎక్కాడు. తాళం అతని దగ్గరే ఉంది.

డాక్టరు తనకు చెప్పిన మందులనే లెక్కలోకి తీసుకోగలరు. ఇప్పుడు నా మోకాళ్ల నొప్పికి ఆసుపత్రికి వెళ్తే కోడలు తోడొస్తుంది. బీపీ చూశాక ఆమెను బయటికి పంపి, వాడే మాత్రలన్నీ బల్ల మీద పెడతాను.